మంగాయమ్మగారి పెరట్లో గామా కిరణాలు

సైంటిఫిక్ ఆఫీసర్‌గా నా మూడో పోస్టింగు కోనసీమ తీరపు ఇసుక సర్వే. ఇది జరిగి ఇరవై ఏళ్లు దాటింది, ఫిబ్రవరి నెల. ఓడలరేవు వైపు సముద్రపు ఒడ్డున నల్ల ఇసుకలో థోరియం ఉన్న ఖనిజం కొద్దిగా కలిసి ఉంటుంది. అది ఎక్కడెక్కడ ఉందో చూడటం మా సర్వే పార్టీ పని. సింటిలోమీటర్ అనే పెట్టెను భుజాన వేసుకుని, వరుసలుగా నడుస్తూ, నేలలోంచి వచ్చే గామా కిరణాలను లెక్కిస్తాం.

ఒడ్డుకు బాగా లోపల, నల్ల ఇసుక జాడే లేని ఊళ్లో, మంగాయమ్మగారి పెరట్లో ముల్లు మామూలుకు రెట్టింపు చూపింది. ఆవిడ కొబ్బరి పీచు వ్యాపారం చేసేవారు. కొడుకు కువైట్‌లో, నిండు చూలాలైన కోడలు ఇంట్లో. మావాళ్లలో ఎవరో "థోరియం కావచ్చు" అన్నారు. సాయంత్రానికి అది ఊళ్లో "అణుబాంబు మట్టి" అయింది. మర్నాడు ఆ పెరటి నూతికి ఇరుగుపొరుగు రాలేదు. కోడలి తండ్రి మాత్రం కూతుర్ని తీసుకుపోతానని ఆటో కట్టించుకుని వచ్చేశారు.

మంగాయమ్మగారు నన్ను నిలదీశారు. "నిజవేనాండీ? ఇక్కడ ఉండచ్చా, కూడదా? ఒక్క మాట చెప్పండి చాలు."

అంత రీడింగుతో ప్రమాదం లేదని చెప్పాను. అదేమిటో మాత్రం చెప్పలేకపోయాను. నా పై అధికారి, పార్టీ చీఫ్, ఆ స్థలాన్ని థోరియం అనుమానంతో నమోదు చేద్దామన్నారు. చేస్తే పెరట్లో హద్దు రాళ్లు పాతి, తవ్వకాలు మొదలుపెడతారు.

ఆ రోజే మా సలహాదారు డాక్టర్ సుభద్రగారు తనిఖీకి వచ్చారు. మన తొలితరం అణు భౌతిక శాస్త్రవేత్తల్లో ఆవిడ ఒకరు. దిగుమతులు దొరకని రోజుల్లో డిటెక్టర్‌కు కావలసిన స్ఫటికాలను తానే పెంచుకున్నారు. అందరూ పరికరం లోపమని కొట్టిపారేసిన ఒక బలహీనమైన గామా కిరణం నిజంగా అణుకేంద్రకం నుంచే వస్తోందని రుజువు చేశారు. అప్పటికే డెబ్బై దాటినా, రీడింగు చూడగానే చెప్పులు విడిచి పెరట్లోకి నడిచారు.

"ఎంత ఉందో చూశారు. ఏది ఉందో చూశారా?" అన్నారు చీఫ్‌తో.

కారులోంచి స్పెక్ట్రోమీటర్ దింపాం. సింటిలోమీటర్ కిరణాలన్నిటినీ కలిపి లెక్కిస్తే, ఇది వాటిని శక్తిని బట్టి విడదీస్తుంది. ముందు ఒడ్డున తెచ్చిన నల్ల ఇసుక పెట్టాం. తెర మీది గీతలో కుడి చివర థోరియం శిఖరం లేచింది. తర్వాత పెరటి మట్టి పెట్టాం. కుడి చివర దాదాపు ఏమీ లేదు. మధ్యలో ఒకే ఒక శిఖరం. అది పొటాషియం.

"ఇక్కడేం పోస్తారమ్మా?" అని అడిగారు సుభద్రగారు.

"బూడిదండీ. కొబ్బరి డొక్కలు కాల్చింది. మా మావగారి నాటి నుంచీ ఇక్కడే పోస్తావండి, చెట్లకి బలవని."

చెట్టు పీల్చుకున్న పొటాషియం బూడిదలో మిగిలిపోతుంది. ప్రకృతిలోని పొటాషియంలో అతి స్వల్ప భాగం రేడియోధార్మికం; అరటిపండులోనూ, మన ఒంట్లోనూ ఉన్నదే. అయినా సుభద్రగారు అక్కడితో వదలలేదు. బూడిద తీయించి అడుగు మట్టిని కొలిపించారు; ముల్లు మామూలుకు దిగింది. నూతి నీళ్లూ కొలిపించారు. ఆ తర్వాతే అందరి ముందూ ఆ నీళ్లు గ్లాసుడు తాగారు.

కోడలి తండ్రి, "ఆయ్, అలాగైతే ఇప్పుడొద్దులెండి. మంచిరోజు చూసుకునొచ్చి, పద్ధతి ప్రకారవే పురుటికి తీసుకెళతాను" అని ఆటో పంపించేశారు. ఊరివాళ్లు మళ్లీ నూతికి రావడానికి మాత్రం కొన్నాళ్లు పట్టింది. సుభద్రగారు సంచీడు బూడిద తన ప్రయోగశాలకు పట్టుకెళ్లారు. ఏ చెట్టు బూడిదలో ఎంత ఉంటుందో చూడాలట.

రిటైరయ్యేదాకా స్పెక్ట్రోమీటర్ రీడింగు జత చేయకుండా ఏ స్థలాన్నీ నేను నమోదు చేయలేదు. కొలత పూర్తికాక ముందు మూలకం పేరు పైకి అనకూడదన్నది కూడా మా పార్టీలో నియమమైంది. ఆ పెరట్లో నష్టం చేసింది కిరణాలు కాదు, తొందరపడి అన్న ఒక్క పేరు.