పటం మీద ఎరుపు

మొన్న నేనుండే ఊరు ఏజాక్స్‌లో ఒక షాపులో నిమ్మ, లవంగం కలిసిన సెంటు వాసన తగలగానే నాకు అమ్మ మీద ఒళ్లు మండింది.

చిన్నప్పుడు స్కూలయ్యాక నన్ను చూసుకున్న రోజ్ ఆంటీది హైతీ దేశం. ఆ సెంటును రోజూ తన దేవత పటం ముందు చల్లేది. నల్లటి తల్లి, చంకలో బిడ్డ, చెంప మీద కత్తిగాట్లు. "బానిసలుగా ఉన్న మా ముత్తవ్వలు ఈ తల్లికి మొక్కుకుని యజమానుల మీద తిరగబడ్డారు," అని చెప్పేది. నేనేమో మా నానమ్మ కొలిచే పోచమ్మే అనుకున్నాను. ఒక శుక్రవారం ఇంట్లోంచి కుంకుమ తీసుకెళ్లి, నీళ్లతో తడిపి, పటానికి ఇంత బొట్టు పెట్టాను. అది చెంపల మీదికి కారింది. ఆంటీ నవ్వి నన్ను ముద్దు పెట్టుకుంది.

సాయంత్రం నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మ గుమ్మంలోంచే పటం చూసింది. "రక్తం! ఈవిడ చేతబడి చేస్తోంది!" అంటూ నన్ను కారులోకి లాక్కెళ్లింది. తిడుతుందన్న భయంతో నేను నోరు విప్పలేదు. ఆంటీ ఇంటికి మళ్లీ పంపలేదు.

ఇప్పటికీ పార్టీల్లో అమ్మ ఈ కథ చెబుతుంది. కోడిని కోసి పోచమ్మకు పెట్టే ఇల్లు మాది, చేతబడి మాత్రం రోజ్ ఆంటీదట!

నిన్న ఫోన్‌లో అరిచేశాను. "అది రక్తం కాదమ్మా, మన దేవుడి గదిలోని కుంకుమ. పెట్టింది నేను."

"ఇప్పుడెందుకే అవన్నీ?" అంది అమ్మ.

రోజ్ ఆంటీ ఎక్కడుందో మా ఇద్దరికీ తెలియదు.