దాసుగారికి చెప్పకుండా తగ్గించిన లెవెల్

2005వ సంవత్సరం. అమలాపురం బస్టాండుకు రెండు వీధుల అవతల, టైలరు కొట్టు మీది మేడగదిలో నా నెట్ సెంటర్ ఉండేది. ఎనిమిది కంప్యూటర్లు. గోడవైపు నాలుగింటిలో గల్ఫ్‌కు మెయిళ్ళు, హాల్‌టికెట్లు, రిజల్ట్సు. కిటికీవైపు నాలుగింటిలో ఆటలు. కింద కుట్టుమిషన్లు తిరుగుతుంటే పైన మా నేల సన్నగా వణుకుతూ ఉండేది.

అంతకుముందు ఆ గదిలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిచేది. నేను అందులో ఊడ్చి తుడిచేదాన్ని. యజమాని హైదరాబాదు వెళ్ళిపోతూ తాళాలూ కంప్యూటర్లూ నాకు అప్పగించారు. అప్పటికి నాకు చదవడం వచ్చి పదేళ్ళయింది. ముప్పయ్యారేళ్ళ వయసులో మా పేట రాత్రిబడిలో తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కీబోర్డు తుడుస్తూ నేర్చుకున్నాను. అందుకే నాకు ఇప్పటికీ ఏ తరువాత ఎస్ వస్తుంది. బీ ఎక్కడో అడుగు వరసలో ఉంటుంది.

ఆ రోజుల్లో మా దగ్గర అందరూ ఆడిన ఆట ఒకటుంది. వేరే గ్రహం మీద ఒక స్టేషన్. అందులో నలుగురు మనుషులు తుపాకులతో చిక్కుకుపోతారు. పీతకాళ్ళ జంతువులు గుంపులు గుంపులుగా మీదికి వస్తాయి. ఒక్కో గుంపును వేవ్ అంటారు. ఒకటి గడిస్తే నిమిషం విరామం. ఆ నిమిషంలో తూటాలు నింపుకోవాలి, మెడికిట్ అనే మందుపెట్టెలు ఏరుకోవాలి. తరువాతి వేవ్ ఇంకా పెద్దది. ఎవరైనా పడిపోతే పక్కవాడు వచ్చి కొంతసేపు అక్కడే నిలబడితే లేస్తాడు. నలుగురూ పడిపోతే మళ్ళీ మొదటినుంచి. పదిహేను వేవ్‌లు తట్టుకుంటే కాపాడే ఓడ వస్తుంది. నాలుగు కంప్యూటర్లనూ వైరుతో కలిపి ఒకే ఆట ఆడిస్తాం కనుక, ఆట మొదలుపెట్టే మిషన్ ఒకటుంటుంది. దాన్ని సర్వర్ అంటారు. అది నా బల్ల మీద ఉండేది. ఆట ఈజీగా ఉండాలా, నార్మల్‌గా ఉండాలా అన్నది అక్కడే పెట్టాలి. ఆ సంగతి ఆడేవాళ్ళ తెర మీద కనిపించదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం ఒక భార్యాభర్తలు మెట్లెక్కి వచ్చారు. కొత్తపేట నుంచి. ఆవిడ కుమారిగారు, ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఆయన దాసుగారు, మస్కట్‌లో క్రేన్ ఆపరేటరుగా పనిచేసి వచ్చినవారు. సైటులో ఇనుపతాడు కింద ఆయన కుడిచెయ్యి నలిగిపోయింది. బొటనవేలు, పక్క రెండువేళ్ళు కుట్లతో నిలిచాయి కానీ పిడికిలి సగమే మూసుకునేది.

"ఈయన చేత ఆటలాడించడానికి తెచ్చేనండి. మీరు నవ్వకూడదు," అన్నారు కుమారిగారు.

"ఏ ఆటండీ?"

"ఏదైనా పర్లేదండి. వేళ్ళు కదలాలి. రాజమండ్రి ఫిజియోథెరపీ డాక్టరుగారు స్పాంజి బంతి ఇచ్చేరు. ఈయన దాన్ని పిసుకుతా నా మీద కసి తీర్చుకుంటన్నారు."

"బంతి మీదేనండి," అన్నారు దాసుగారు.

అసలు సంగతి ఆయనే చెప్పారు. జూన్‌లో విశాఖపట్నంలో ట్రేడ్ టెస్టు ఉంది. కంపెనీవాళ్ళు వచ్చి నిజం క్రేన్ ఎక్కించి చూస్తారు. లీవరు వేలెడంత కదపమంటే వేలెడంతే కదపాలి. అందులో నెగ్గితే మళ్ళీ వీసా. పదకొండేళ్ళు చేసిన పని అదొక్కటే. వేరే పని తనకు రాదన్నారు.

ఆ ఆటకు నలుగురు కావాలి. డిగ్రీ చదివే ముగ్గురు మధ్యాహ్నాలు వచ్చేవారు. లావణ్య, ఆమె మేనత్త కొడుకు శ్రీను, వాళ్ళ స్నేహితుడు బాబ్జీ. దాసుగారిని వాళ్ళతో కూర్చోబెట్టాను. ఎడమచెయ్యి కీబోర్డు మీద, కుడిచెయ్యి మౌస్ మీద. మొదటిరోజు ఆయన మొదటి వేవ్‌లోనే పడిపోయారు. లేపితే మళ్ళీ పడ్డారు. అయిదోసారి కుర్చీ వెనక్కి జరిపి లేచారు.

"పిల్లల ఆట పాడుచేత్తన్నానండి. ఇంక చాలు."

మెట్లు దిగుతూ ఆయన కుడిచేతిని చొక్కా కింద దాచుకున్నారు. అది చూసి నాకు మనసు ఆగలేదు. కుమారిగారు నచ్చజెప్పి సోమవారం మళ్ళీ పంపారు. ఆయన రాకముందే నేను సర్వర్‌లో లెవెల్ ఈజీకి మార్చేశాను. జంతువులు నెమ్మదిగా వస్తాయి, ఒక్క తూటాకే పోతాయి. శ్రీను అది కనిపెట్టి నావైపు తిరిగాడు. నోటిమీద వేలు పెట్టుకుని చూపించాను.

అలా నెలన్నర గడిచింది. ఆ మధ్యాహ్నాలను తలచుకుంటే ఇప్పటికీ కింది మిషన్ల చప్పుడు, కిటికీలోంచి వచ్చే ఇస్త్రీబట్టల వాసన గుర్తుకొస్తాయి. మా వాళ్ళ మర్యాద ఆ గ్రహం మీదికి కూడా వెళ్ళింది. ఒకే మెడికిట్ దొరికితే ఇలా ఉండేది:

"దాసుగారూ, మీరు తీసుకోండి."

"ముందు మీరు కానివ్వండి బాబూ."

"అయ్యో, పెద్దవారు, మీరుండగా నేనా?"

"నాకు ఇంకా రక్తం ఉందండి, ఆయ్."

"మీరిలా వడ్డనలు చేసుకుంటా ఉండండి," అనేది లావణ్య. "అవతల అవి మనల్ని వడ్డించుకుంటన్నాయి. బావా, నువ్వు కాల్చేది గోడనే, కొంచెం చూసుకో."

"గోడ వెనకాల ఉందే."

"ఉంటే గోడకి చెప్పు, అదే చంపుద్ది."

చివరికి మెడికిట్లన్నీ దాసుగారికే వెళ్ళేవి. ఆయన పడితే ముగ్గురూ పరుగెత్తి లేపేవారు. మార్చి ఆఖరులో ఒకరోజు పదిహేను వేవ్‌లూ గడిచి ఓడ వచ్చింది. టైలరుగారి దగ్గరి టీ కుర్రాణ్ణి కేకేసి అందరికీ టీలు తెప్పించాను. దాసుగారు గ్లాసు కుడిచేత్తోనే పట్టుకున్నారు. ఆ రోజు నా అంత సంతోషం ఎవరికీ లేదనుకుంటాను.

ఏప్రిల్ మొదట్లో ఒక ఆదివారం కుమారిగారు సంచీలో పనసతొనలు పట్టుకుని వచ్చారు.

"మీ చలవేనండి," అన్నారు. "ఏజెంటుకి ఫోన్ చేసి టెస్టు ముందుకి జరిపించుకున్నారు. వచ్చే బుధవారమే విశాఖ. స్పాంజి బంతి అటక మీద పడేసేరు. పదిహేను వేవ్‌లు గెలిచేను, ఇంకా నాకు బంతేంటంటారు."

నా చేతిలో పనసతొన అలాగే ఉండిపోయింది. ఆయన చెయ్యి ఎంతవరకు వచ్చిందో నాకు తెలుసు. ఈజీ మీద ఏడాదిపాప బటన్లు నొక్కినా ఆ జంతువులు చచ్చిపోతాయి.

రాత్రిబడిలో నాకు జరిగినదొకటి అప్పుడు గుర్తొచ్చింది. మొదటి పుస్తకంలో పాఠాలన్నీ పక్కవాళ్ళు చదువుతుంటే విని కంఠస్థం పట్టేశాను. పేజీ మీద వేలు కదుపుతూ అప్పజెప్పేదాన్ని. అందరూ మెచ్చుకునేవారు. ఒకనాడు మేష్టారు నేను చదువుతుండగానే పుస్తకం తీసుకుని వెనక ఎక్కడో ఒక పేజీ తెరిచి ఇచ్చారు. ఒక్క ముక్క చదవలేకపోయాను. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి ఏడ్చాను. కానీ మర్నాటినుంచే నాకు అక్షరాలు నిజంగా రావడం మొదలైంది. అలాంటి దాన్ని నేనే, ఆయన చేతికి కంఠస్థం వచ్చిన పాఠం ఇచ్చి చప్పట్లు కొట్టాను.

మర్నాడు దాసుగారు రాగానే, మిగతావాళ్ళు రాకముందే చెప్పేశాను. లెవెల్ అంటే ఏమిటో, ఏది ఎక్కడ మార్చానో, సర్వర్ తెర తిప్పి చూపించాను.

ఆయన తెర మీది ఈజీ అన్న మాట మీద వేలు పెట్టారు.

"ఎప్పట్నించండీ?"

"రెండోరోజు నుంచి."

"పిల్లలకి తెలుసా?"

"తెలుసండి. నేనే చెప్పొద్దన్నాను."

"అక్కగారూ," అన్నారాయన, గొంతు పెంచకుండానే. "ఇందులో పడినోణ్ణి మీరు లేపుతున్నారు. నా క్రేన్ మోసే లోడు కింద మనుషులు నడుస్తారండి. లీవరు జారితే వాళ్ళని ఎవరు లేపుతారు? మీరు చెప్పకపోతే బుధవారం నేను క్రేన్ ఎక్కేసేవాణ్ణి."

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. శ్రీను వచ్చి అడిగితే చెప్పాను. "మనం మంచికే చేసేం కదాంటీ," అన్నాడు.

నాలుగు రోజులు ఆయన రాలేదు. అయిదోరోజు వచ్చి, కూర్చోకుండా అన్నారు:

"టెస్టు మళ్ళీ జూన్‌కే పెట్టించేనండి. నార్మల్‌లో పెట్టండి. శ్రీనుబాబూ, ఆ మందుపెట్టెలు ఎవరికి అవసరమైతే వాళ్ళే తీసుకోవాలి. నన్ను అడగొద్దు."

ఆ రోజు రెండో వేవ్‌లో నలుగురూ చచ్చిపోయారు. మర్నాడూ అంతే. నార్మల్ అంటే ఆ ముగ్గురికి కూడా అలవాటు తప్పిపోయింది. స్టేషన్‌కు తూర్పున ఒక తలుపు, పడమట ఒక తలుపు, పైకప్పులో ఒక గొట్టం. మూడు దారులనుంచీ ఒకేసారి వస్తాయి. నలుగురూ ఒకేసారి అరిచేవారు. ఎవరి మాటా ఎవరికీ వినపడేది కాదు.

వారం అయ్యాక దాసుగారు మౌస్ వదిలేసి అన్నారు:

"ఇలా కాదండి. సైటులో క్రేన్ నడిపేవాడికి సిగ్నల్ ఒక్కడే ఇవ్వాలి. పదిమంది చేతులూపితే లోడు ఎవడి నెత్తినో పడుద్ది. ఆపమని మాత్రం ఎవడైనా చెప్పొచ్చు. మనలో ఎవరు చెబుతారో తేల్చుకుందాం."

"మీరే చెప్పండి," అంది లావణ్య. "మా బావ చెబితే నేను వినను."

"వింటే బతికేదానివే," అన్నాడు శ్రీను.

ఆ రోజునుంచి గదిలో ఒకే గొంతు. "శ్రీనూ, తూర్పు. బాబ్జీ, పైకి చూడు. లావణ్యమ్మా, కదలొద్దు, కదలొద్దు, ఇప్పుడు." ఏప్రిల్ ఆఖరుకు ఏడో వేవ్. మేలో పదకొండు. ఆయన చెయ్యి కూడా మారింది, కానీ నిదానంగా. వేలు మౌస్ బటన్ మీదికి చేరేసరికి ఒక్క క్షణం ఆలస్యం అయ్యేది. ఆ క్షణం ఎన్ని రోజులకీ తగ్గలేదు. అది ఆయన గమనిస్తున్నారని నాకు తెలిసేది. ప్రతి ఆటకు ముందు మౌస్ పట్టుకుని వేళ్ళవైపు చూసుకునేవారు. అటక మీది స్పాంజి బంతి మళ్ళీ జేబులోకి వచ్చింది.

టెస్టుకు వారం ముందు నార్మల్‌లో మొదటిసారి పదిహేనో వేవ్ చేరారు. మెయిళ్ళు చూసుకునే ఇద్దరు కూడా లేచి వచ్చి వెనక నిలబడ్డారు. సగంలో దాసుగారు పడిపోయారు. శ్రీను తూర్పు తలుపు వదిలి పరుగెత్తబోయాడు.

"రావద్దు. నీ తలుపు దగ్గరే ఉండు."

"మిమ్మల్ని లేపుతానండి."

"నువ్వు కదిలితే ముగ్గురూ పోతారు. ఉండమన్నానా? లావణ్యమ్మా, పడమటికి రెండొస్తన్నాయి. బాబ్జీ, గొట్టం. తూటాలు నింపుకో, నీకు టైముంది."

ఈ ఆటలో పడినవాడికి మిగతావాళ్ళ తెర కనిపిస్తుంది. ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కరి తెర మార్చమని నాతో చెబుతూ, చివరివరకు అలాగే మాట్లాడారు. నేను పక్కన నిలబడి బటన్ నొక్కుతూ ఉన్నాను. ముగ్గురూ నిలబడ్డారు. ఓడ వచ్చింది.

శ్రీను కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. బాబ్జీ చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. దాసుగారు ఒళ్ళోని కుడిచెయ్యి ఎత్తి పిడికిలి మూసి చూసుకున్నారు. ముప్పావు వంతు మూసుకుంది.

"పడిపోయేకే బాగా ఆడేనండి నేను," అన్నారు.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. కానీ మెట్లు దిగే ముందు నా బల్ల దగ్గర ఆగి, "లీవరు నాకు ఇంక రాదేమోనండి," అన్నారు. నేను వస్తుందనలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. "డాక్టరుగారినీ అడగండి," అన్నాను.

విశాఖలో ఆయన క్రేన్ ఎక్కలేదు. కింద నిలబడి ఆపరేటరుకు సైగలిచ్చే సిగ్నల్‌మన్ ఉద్యోగానికి టెస్టు ఇచ్చారు. వాకీటాకీ ఎడమచేత్తో పట్టుకున్నారట. జీతం తక్కువ, హోదా తక్కువ. కొన్నాళ్ళు ఆయనకు బాధగానే ఉందని కుమారిగారు తరువాత చెప్పారు. ఆగస్టులో మస్కట్ వెళ్ళారు. నెలకోసారి కుమారిగారు వచ్చి మెయిల్ చూసుకునేవారు, నాకూ చదివి వినిపించేవారు. ఆయన పనిచేసే సైటులో ఎవరికీ దెబ్బ తగల్లేదన్న వాక్యం ప్రతి ఉత్తరంలోనూ ఉండేది. అది ఆవిడకోసం రాసేవారో, నాకోసం రాసేవారో తెలియదు.

ఆ సెంటర్ ఇంకో ఆరేళ్ళు నడిపాను. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక మూసేశాను. ఈలోగా ఆ నాలుగు కుర్చీల్లోకి ఎంతమంది వచ్చారో లెక్కలేదు. కొత్తవాళ్ళు కూర్చోగానే, "ఈజీలో పెట్టమంటారా, నార్మల్‌లోనా?" అని అడిగేదాన్ని. చాలామంది ఈజీ అనేవారు. అలాగే పెట్టేదాన్ని. తెలిసి ఆడితే అందులో తప్పేమీ లేదు.

ఒకరిమీద జాలి కలిగినప్పుడు వాళ్ళకు తెలియకుండా దారి చదును చేయాలనిపిస్తుంది. నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అలా చేయడంవల్ల ఆ నెలన్నరలో దాసుగారికి దక్కింది ఒక్క ఓడ. పోబోయింది ముక్కూమొహం తెలియని ఎవరిదో ప్రాణం. నేను ఆ రోజుల్లో ఆయన మొహంలో సంతోషం చూశాను. చెయ్యిని చూడవలసింది.