ఒకే వేలు, తొమ్మిది పేర్లు

మొన్న ముసురు పట్టిన వారంలో నాకు వదలకుండా జ్వరం కాస్తే, ఖమ్మంలో మా సందులో తిరిగే ఆశా వర్కరు అమ్మాయి ఇంటికే వచ్చి, వేలు గుచ్చి, ఒక్క చుక్క నెత్తురు చిన్న ప్లాస్టిక్ పట్టీ మీద వేసి, పావుగంటలో మలేరియా లేదని తేల్చేసింది. సూది చూడగానే నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "ఊరందరి వేళ్ళు గుచ్చిన మనిషి, తన వేలు అనంగనే ఎట్ల చేస్తుండో చూడు బిడ్డా" అని మా ఆవిడ నవ్వింది. ఆ వేలికి సూది కొత్త కాదన్న సంగతి నేను ఆమెకు ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, భుజాన సంచీ వేసుకుని మలేరియా వాళ్ళమంటూ ఇంటింటికీ తిరిగేవాళ్ళం. కల్లూరు దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టిన నాకు ఆ ఉద్యోగం పర్ణశాల అవతలి అడవి గూడేల్లో వచ్చింది. జ్వరం ఉన్నవాళ్ళ వేలు గుచ్చి, గాజుపలక మీద నెత్తురు పూసి, పేరు రాసి పరీక్షకు పంపాలి. మలేరియా అని తేలితే వెళ్ళి మాత్రలు మింగించాలి. నెలకు ఇన్ని పలకలు రావాలని పైనుంచి ఒత్తిడి ఉండేది. గూడేలకు వాగు దాటి నడిచే ఓపిక మాకు ఉండేది కాదు. నాకు పని నేర్పిన సీనియర్ ఒకాయన ఒకనాడు అన్నం తిన్నాక చేతులు కడుక్కుని, తన వేలే గుచ్చుకుని, వరుసగా పలకలన్నీ పూసి, ఇంటి రిజిస్టరు చూసి పేర్లు రాసేశాడు. నేను నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

ఆ వానాకాలం నేనూ అదే చేశాను. వాగుకు ఇవతలే కూర్చుని, అవతలి గూడెంలోని తొమ్మిది మంది పేర్లకు నా ఒక్క వేలి నెత్తురు పూసి పంపాను. నాకు ఏ జబ్బూ లేదు కనుక తొమ్మిదీ నెగటివ్ వచ్చాయి. జ్వరాలు బాగా తగ్గించానని మా సూపర్‌వైజరు నన్ను అందరిముందూ మెచ్చుకున్నాడు, నేను సిగ్గులేకుండా ఆ మెప్పు తీసుకున్నాను.

ఆ వారమే సంతలో, ఆ గూడెం మనిషి ఒకతను మా దగ్గరికి వచ్చాడు. "మా ఆడమనిషికి నాలుగొద్దుల సంది చలిజరం సారూ, గోలీలు ఇయ్యిండ్రి" అన్నాడు. సూపర్‌వైజరు నా పక్కనే ఉన్నాడు. జాబితాలో ఆమె పేరు వెతికి, పరీక్ష అయిందనీ, మలేరియా లేదనీ, మామూలు జ్వరమేననీ, గాబరా పడొద్దనీ చెప్పాడు. అతను "నేను వెదురు కొట్టబోయిన నాడు వచ్చి గుచ్చిండ్రు గావచ్చు" అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. మాత్రలు నా సంచీలోనే ఉన్నాయి. ఆ నెత్తురు నాదని ఒక్క మాట అంటే చాలు, కానీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అతను మా ఇద్దరికీ దండం పెట్టి, మొహం తేటపడి, ఉప్పు కొనుక్కుని వెళ్ళిపోయాడు. రెండడుగులు అతని వెనక పోయి ఆ మాత్రలు చేతిలో పెట్టినా సరిపోయేది. రేపు వెళదాంలే అనుకున్నాను. రాత్రికి వాన పడి వాగు పొంగిందని ఇప్పటికీ సాకు చెప్పుకుంటాను గానీ, వాగు తగ్గిన తర్వాత కూడా రెండు రోజులు ఆగాను, మొహం చెల్లక.

నేను వెళ్ళేసరికి ఆమె పోయి మూడు రోజులయింది. అతను గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు. నా మీద కోపం లేదు, కూర్చోమని మంచం వాల్చాడు, అది మరీ భరించలేకపోయాను. "దవాఖానకు తీస్కపొమ్మన్నది సారూ. నా వేలు ఎవ్వలు గుచ్చలేదని పానం పొయ్యేదాంక అన్నది. సర్కారు కాయితం అబద్ధం ఆడుతదా అని నేనే తిట్టిన" అన్నాడు. ఆ మాట విని కూడా నేను నిజం చెప్పలేదు. చెప్పకుండానే లేచి వచ్చాను. చెప్పకుండానే పర్మనెంటు అయ్యాను, చెప్పకుండానే రిటైరయ్యాను.

ఇప్పుడు అన్నీ మారాయి. పరీక్ష మనిషి కళ్ళముందే అవుతుంది, ఫొటో తీసి పంపాలి, మందు పూసిన దోమతెరలు ఇంటింటికీ ఇస్తున్నారు. అయితే ఆ గూడేల వాళ్ళు మునుపటిలా మనల్ని నమ్మడం లేదనీ, పట్టీ తిప్పి తిప్పి చూసి నువ్వెవరని అడుగుతున్నారనీ, నాతో పనిచేసిన వాళ్ళు కలిసినప్పుడల్లా వాపోతుంటారు. ఆ మనిషి ఆ రోజు సంతలో మమ్మల్ని అంత నమ్మకుండా ఉంటే, ఇంటికి పోయి పెళ్ళాం మాట వినేవాడు.