ముందు తెగాల్సింది తీగే

మాస్టారి పిపాకి ఉక్కు తీగలు బిగించారు. మొన్న మంగళవారం ఆయన ఆసుపత్రిలో కన్నుమూశారు. వారం తిరగకముందే, శనివారం సంస్మరణ సభ కోసమని, మన తెలుగు సంఘం కమిటీయే ఈ పని చేసింది. పిపా అంటే చైనావాళ్ల వీణ. మాస్టారిది పాత పద్ధతి: పట్టు తీగలు, సొంత గోళ్లు.

చైనా నుంచి వచ్చిన ఆయనది పార్సిప్పనీలో మా కింది ఫ్లాట్. మన ఉగాది సభలకీ వాయించేవారు. వేర్‌హౌస్ పని అయ్యాక నేను ఫోన్‌లో వీడియోలు చూసి, సెకండ్‌హ్యాండ్ పిపా మీద, వేళ్లకి ప్లాస్టిక్ గోళ్లు టేపుతో చుట్టుకుని బాదేవాణ్ణి. ఒకరోజు ఆయన మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టారు.

"సారీ సర్, సౌండ్ తగ్గిస్తాను."

"సౌండ్ కాదు," అన్నారు తన ముక్కల ఇంగ్లిష్‌లో. "పొద్దున్నుంచీ వడగళ్లే. వాన ఎప్పుడు?"

పెట్టెలు విసరడం తప్ప తెలియని చేతులివి. మెల్లగా తాకడం ఆయనే నేర్పారు. పాఠానికి ముందు నా కుడిచెయ్యి తిప్పి గోళ్లు చూసేవారు. గోరు విరిగి ఉంటే పాఠం చెప్పకుండా టీ పోసి పంపేసేవారు. ఆ టీ అంటే నాకు హడల్. పనిలో గ్లవ్స్ మీద గ్లవ్స్ వేసుకునేవాణ్ణి.

"ఏందిరా, పెళ్లిపిల్లవా? గోరింటాకు గూడ తేవాల్నా?" అనేవాడు మా షిఫ్ట్‌లో నల్గొండ అన్న. మాస్టారికి చెబితే పడీపడీ నవ్వారు.

చలికాలం హీటర్ వేస్తే, పొడిగాలికి చెక్క పగులుతుందని ఆయనకీ భయమే. పిపా పక్కన గిన్నెలో నీళ్లు పెట్టేవారు. జ్వరం చూసినట్టు దాని పొట్ట మీద అరచెయ్యి ఆనించేవారు. ఒకసారి పాఠం మధ్యలో తీగ ఫట్‌మంది. ఆయన తెగిన పట్టు కొసని వేలికి చుట్టుకుంటూ, "మంచిదే. ముందు తెగాల్సింది తీగే, చెక్క కాదు" అన్నారు. ఆ పల్చటి చెక్క పట్టు లాగుడుకి చేసింది. ఉక్కు తెగదు. చెక్కనే ఊడబెరుకుతుంది.

నిన్న క్లబ్‌హౌస్‌లో సెక్రటరీ అంకుల్‌కి ఇదే చెప్పాను.

"పట్టు వెనక సీట్లకి వినపడదు బాబూ. వాళ్లమ్మాయి మనల్ని నమ్మి ఇచ్చింది, గ్రాండ్‌గా చెయ్యొద్దా?"

"ఆవిడకి ఉక్కు సంగతి చెప్పారా అంకుల్?"

"నువ్వు టచ్ చెయ్యకు, ట్యూన్ పోతుంది."

అప్పటికే టచ్ చేశాను. తీగలు కట్టే కింది కొయ్య చెక్కకి అతుక్కుని ఉండాలి. ఒక పక్క లేచింది. మాస్టారు పెంచమన్న బొటనగోరు ఆ సందులోకి దూరింది. అంకుల్ దాన్ని లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. హీటర్ గాలి ఆ బీరువాకే కొడుతుంది.

అప్పట్నుంచి మా గోడలో పైపు టక్కుమన్నా అదే విరిగిందనుకుంటున్నాను. కింది ఫ్లాట్‌లో ఏ చప్పుడూ లేదు. మీ నాన్న వస్తువు ముక్కలైందని మాస్టారి అమ్మాయికి చెప్పే ధైర్యం నాకు లేదు. మీలో ఎవరికైనా ఉందా?

ఈ వాట్సాప్ గ్రూప్‌లో ఉన్న సంఘం వాళ్లంతా వినండి. ఇవాళ సాయంత్రం ఆరింటిలోగా ఆ బీరువా తెరవాలి. తీగలు నెమ్మదిగా, కొంచెం కొంచెంగా వదులు చెయ్యాలి. "విప్పాం" అని ఇక్కడే జవాబు పెట్టాలి. పట్టు తీగలు మాస్టారి డబ్బాలో ఉన్నాయి, నేను కడతాను. శనివారం వెనక సీట్లకి వినపడకపోతే కుర్చీలు ముందుకు జరుపుకుందాం.

ఆయన గిన్నెలో నీళ్లు పోసుకుని క్లబ్‌హౌస్ గుమ్మంలో నిలబడి ఉంటాను. ఆరింటిలోగా.