అవ్వ పేరు మీద నా ఎర్ర గీత

కొలువులో చేరిన కొత్తలో నాకొక జబ్బు ఉండేది. ఏ పనైనా పక్కవాడికన్నా ముందే ముగించాలి. జవాబు పత్రాలు దిద్దినా అంతే, అన్నం తిన్నా అంతే. ఆ జబ్బుతోనే ఒక పార్లమెంటు ఎన్నికల నాడు ఓటు వేయని ఒక ముసలామె పేరు మీద ఎర్ర పెన్నుతో గీత గీసేశాను. అది పొరపాటు. తెలిశాక నోరు మూసుకోవడం మాత్రం పొరపాటు కాదు, తప్పు. (పిల్లలకు ఈ రెండింటి తేడా ఏళ్ల తరబడి చెప్పాను. నాకే ఎవరూ చెప్పలేదు.)

జనగామ పక్క బడిలో పంతులుగా ఉన్న నన్ను కొత్తగూడ మండలంలోని ఒక అడవి ఊరికి డ్యూటీ వేశారు. మా పోలింగు కేంద్రానికి పెద్దగా ఉన్నది భూపాలపల్లి నుంచి వచ్చిన ఒక సారు. రిటైరుకు దగ్గరపడ్డ మనిషి, ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు దేవుణ్ని తలుచుకునేవాడు. ముందురోజు సామాను మోసుకొచ్చి బడి బల్లల మీద పడుకున్నామన్న మాటే గాని, దోమలు కన్ను మూయనివ్వలేదు. తెల్లారి మధ్యాహ్నానికల్లా రేకుల కప్పు కింద ఉడికిపోతున్నాం. నా పనల్లా చీటీ తీసుకుని, జాబితాలో ఫొటోతో ముఖం పోల్చి, పేరు గట్టిగా చదివి, దాని మీద గీత గీయడం. ముఖాలు చూడడం నేనెప్పుడో మానేశాను. "జర నిమ్మళంగ చదువు తమ్మీ, నీకేమన్న బస్సు పోతున్నదా?" అని సారు రెండుసార్లు అన్నాడు. "మీరు ఫికరు చెయ్యకుండ్రి సార్" అన్నాను.

అప్పుడొచ్చింది అవ్వ. వాగు అవతలి గూడెం నుంచి ఎండలో నడిచొచ్చింది. కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన చీటీ ఇచ్చింది. చూస్తే ఆమె పేరు మీద అప్పటికే గీత ఉంది.

"నీ ఓటు అయిపోయిందవ్వా."

"ఎవలేసిండ్రు?"

"నువ్వే."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "పోయినసారొస్తే నేను సచ్చిపోయిన్నన్నరు. బతికే ఉన్ననని ఆఫీసు సుట్టు తిరిగి తిరిగి పేరెక్కిచ్చుకున్న. గిప్పుడేమో ఓటేసి పోయిన్నంటివి. నేను ఎప్పుడు సచ్చిన్నో, ఎప్పుడు ఓటేసిన్నో నాకన్న మీకే బాగ ఎరుక బిడ్డా!"

వరుసంతా నవ్వింది. గోడ పక్కన కునుకు తీస్తున్న పార్టీ ఏజెంటు కండ్లు తెరిచి, "ముసల్ది మర్సిపోయినట్టుంది సార్" అన్నాడు. అవ్వ పది వేళ్లూ అతని ముక్కు కింద పెట్టింది. "సుక్క ఏడుందో సూపియ్యి. నీకు కండ్లు మంచిగనే ఉన్నయి గద!"

ఎక్కడా సిరా చుక్క లేదు. అప్పుడు చూశాను కింది వరుస. అదే ఇంటి నంబరు, అవ్వ కోడలి పేరు. పొద్దున ఓటేసి వెళ్లింది కోడలు, నేను గీత గీసింది అత్త మీద. కోడలి పేరు మీద మచ్చ కూడా లేదు. అప్పుడే నోరు తెరిచి ఉంటే సారు ఆ పొరపాటును అక్కడే దిద్ది, అవ్వను మిషను దగ్గరికి పంపేవాడు. నాకు మాత్రం సస్పెన్షన్ కాగితం కళ్ల ముందు రెపరెపలాడింది. నోరు తెరవలేదు.

మన పేరుతో ఇంకెవరో ఓటేసి పోతే మనకు కాగితం ఓటు ఇస్తారు. అది కవరులో పెట్టి సీలు వేస్తారు. కోర్టు చెబితే తప్ప లెక్కింపులో ఆ కవరు తెరవరు. సారు అవ్వకు అదే ఇచ్చాడు. ఆమె జాగ్రత్తగా ముద్ర వేసి, వెళ్తూ వెళ్తూ నన్నే అడిగింది. "గిది లెక్కల కలుస్తదా బిడ్డా?"

"కలుస్తదవ్వా" అన్నాను. (ఆ రోజు నేను తొందరపడకుండా, నిమ్మళంగా అన్నది ఆ ఒక్క మాటే.)

ఫలితాలొచ్చాక ఓడినవాళ్లు ఒప్పుకోలేదు. ఓట్లు దొంగిలించారని ధర్నాలు, కేసులు, టీవీల్లో అరుపులు. జనగామలో మా బడి ముందరి చాయి బండి దగ్గర సార్లు కూడా రెండుగా చీలి, దొంగలెవరో తేల్చడానికి రోజూ కొట్లాడుకునేవారు. వాళ్లు ఆ మాట ఎత్తినప్పుడల్లా నేను చాయి గ్లాసులోకి చూసేవాణ్ణి. పెద్ద దొంగల సంగతి నాకు తెలియదు. చిన్న దొంగ మాత్రం అక్కడే బిస్కెట్టు ముంచుకు తింటున్నాడు.

చివరికి భూపాలపల్లి సారుకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. "నాకు గప్పుడే అనుమానమొచ్చింది తమ్మీ. నువ్వే చెప్తవేమోనని సూసిన. అడగకపోవుడు నా తప్పే" అన్నాడు. జరిగింది రాసి పై అధికారికి పంపాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. కవరు మాత్రం తెరవలేదు, కోర్టు చెప్పనిదే తెరవడం ఎవరి చేతిలోనూ లేదు.

సెలవు పెట్టి, రైల్లో మహబూబాబాద్ దాకా, అక్కణ్నుంచి బస్సులో కొత్తగూడ వెళ్లి, గూడెం దాకా నడిచాను. అవ్వ వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది. నిలబడే చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"ఓటు పాయె, పోనీ," అంది చేతులు దులుపుకుంటూ. "నా పేరన్న ఉన్నదా, మల్ల సంపిండ్రా?"

ఇద్దరం మండలాఫీసుకు వెళ్లాం. జాబితా తీయించి చదివాను. "ఉన్నదవ్వా."

"మల్ల చదువు."

చదివాను.

"ఇంకోపారి."

మూడోసారి వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివాను. "గిట్ల చదువుతె ఏం పోయె ఆనాడు?" అంది.

ఇప్పటికీ జాబితా సవరించినప్పుడల్లా కొత్తగూడ బస్సెక్కుతాను. ఎన్నికల డ్యూటీ పడితే బడి నుంచి స్కేలు తీసుకెళ్లి, పేరు కింద పెట్టి, ముఖం చూసి, అప్పుడే గీస్తాను. వరుసలో ఎవరో ఒకరు "గీ సారు నత్త లెక్కున్నడే" అని విసుక్కుంటారు. బస్సేదో దాటిపోతున్నట్టు పేర్లు చదివిన ఆ కుర్ర పంతులు గుర్తొచ్చి నవ్వుకుంటాను. స్కేలు మాత్రం కదపను.