ఫల్గుణ పెట్రోలు పొదుపు

అరకులో పర్యాటకులకు బిర్యానీలు చేరవేసే ఫల్గుణకు, కంపెనీ వారు మ్యాపు మీద తిన్నగా గీత గీసి, ఆ దూరానికే డబ్బులు లెక్కకడతారు. ఆ గీత మీద పిట్టలైతే సుఖంగా వెళ్లగలవు. కొండ చుట్టూ తిరిగే ఫల్గుణ మాత్రం మిగతా దూరానికి సొంత పెట్రోలు పోసి కంపెనీని పోషిస్తుంటాడు. అందుకే దిగుడు రాగానే ఇంజను ఆపేస్తాడు. ఆగినచోటల్లా బండిని ఊపి, ట్యాంకుకి చెవి ఆనించి వింటాడు. బరువు పెరిగితే మైలేజీ పడిపోతుందని పెళ్లాం బేబిని కూడా సంతకు నడిచే రమ్మంటాడు.

మొన్న మధ్యాహ్నం అలాగే ఇంజనాపి రిసార్టు వైపు దిగుతుంటే, కాఫీ తోట దగ్గర సోములమ్మ అనే ముసలామె చెయ్యెత్తింది. తుప్పలు కొడుతుంటే కత్తి జారి కాలు తెగింది. నెత్తురు ఆగడం లేదు.

"ఆస్పత్రికి బేగి తీసుకెల్లు బాబూ," అంది.

ఆస్పత్రి వెనక్కి, ఎత్తు మీద ఉంది. ఫల్గుణ పెట్రోలు ముల్లు చూశాడు, ఆమె కాలు చూశాడు. మెడలో తువ్వాలు తీసి బిగించి కట్టాడు. "గట్టిగా పట్టుకో మామ్మా," అని బండి తిప్పి, ఎత్తంతా మొదటి గేరులోనే ఎక్కించాడు.

కుట్లు పడేసరికి ఆర్డరు రద్దయింది. 'మీ నిర్లక్ష్యం మమ్మల్ని బాధించింది' అని కంపెనీ సందేశం పంపింది, ఏడుపు బొమ్మతో సహా. ఫల్గుణ ఆస్పత్రి అరుగు మీద ఆ బిర్యానీ పొట్లం విప్పి ఆమెకు పెట్టాడు. సోములమ్మ రెండు ముద్దలు నమిలింది.

"దీనికోసమేట్రా ఇన్ని కొండలెక్కుతన్నావు? ఉప్పే నేదు!"

ఇన్నేళ్లుగా మోస్తున్నదాన్ని ఫల్గుణ మొదటిసారి నోట్లో పెట్టుకున్నాడు. నిజమే, ఉప్పు లేదు.