పిన్ని అరికాలు

మా పిన్ని దర్జీ. ముప్ఫై ఏళ్లుగా పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని కుట్టిన మనిషి. అవి ఎక్కడ లోపలికి పోతాయోనని ముక్కుతోనే, అదీ పిసినారిలా కొంచెం కొంచెంగా గాలి పీలుస్తుంది. నోరు విప్పిందంటే మాత్రం వీధి చివరికి వినపడుతుంది.

ఆ వేసవిలో ఆమె కుడి అరికాలు మొద్దుబారింది. పెడల్‌ను ఎంత గట్టిగా తొక్కుతోందో తెలియక మోటారు మిషను ఒక్కసారిగా పరుగెత్తి, సూది చూపుడువేలి గోట్లో దిగింది. నడుములో నరం నొక్కుకుందన్నాడు డాక్టరు. మూడు నెలల్లో కాలికి స్పర్శ రాకపోతే మిషను మానేయాల్సిందే అన్నాడు. పిన్ని ఇంటికొచ్చి మిషను మీద దుప్పటి కప్పి, పక్కనే కూర్చుంది. నాకు భయమేసింది.

డాక్టరు చెప్పిన పిలాటిస్ అనే వ్యాయామాల క్లాసుకు నేనే లాక్కెళ్లాను.

"ఈ వయసులో నాకు కుప్పిగంతులెందుకే?"

"గంతులు కాదు పిన్నీ. పడుకుని చేసేవే."

"పడుకోవడానికి కూడా టీచరా!"

చెక్క నేల, కిటికీకి పల్చటి తెల్ల తెర, చాపల మీద మాతో కలిపి ఏడుగురం. "నోటితో ఊపిరి వదులుతూ, వెన్ను ఒక్కో పూసగా పైకి లేపండి" అంది టీచరు. పిన్ని పెదవులు బిగించేసింది. ముఖం కందిపోయింది. లేని సూదులు ఎక్కడ రాలిపోతాయోనని కాబోలు! "ఆంటీ, నోట్లో ఏమీ లేదండీ, వదిలేయండి" అని నెల రోజులు చెప్పింది ఆ పిల్ల, ఓపిగ్గా.

ఒక సాయంత్రం వదిలింది. ఎంత పొడుగు ఊపిరో! ఆ తర్వాత ఆ గదిలో గడియారం ఉన్న సంగతే మరిచిపోయాం. తెర ఉబ్బేది, తగ్గేది. మా వెన్నులు దాంతోపాటే లేచేవి, వాలేవి. ఎవరి ఊపిరి ఎవరిదో తెలిసేది కాదు.

"పూసలు ఒక్కోటీ నిద్రలేచి పలకరిస్తున్నాయే. ఇన్నాళ్లూ ఇవన్నీ నాతోనే ఉన్నాయా?" అనేది పిన్ని, కళ్లు మూసుకునే.

నడుము తేలికైంది. కాలు మాత్రం మొండికేసింది. గడువు ఇంకో నాలుగు రోజులుంది. నేను మనసులో ఆశ వదిలేసుకున్నాను.

ఆ రోజు అందరం కళ్లు మూసుకుని ఊపిరి వింటున్నాం. పిన్ని పాదం సరిచేయబోయిన టీచరు బొటనవేలు ఆమె కుడి అరికాలికి రాసుకుంది.

పిన్ని కిసుక్కున నవ్వింది. "కితకితలు పెట్టకమ్మాయ్!"

అంతలోనే నవ్వు ఆగిపోయింది. గబుక్కున లేచి కూర్చుని టీచరు ముఖంలోకి చూసింది.

"ఏదీ, ఇంకోసారి పెట్టమ్మా" అంది.